గనిమీడ్ మీద మనోళ్ల ఊరు: కథకు సలహా కావాలి

పుత్తూరు కథలోడు:
అందరికీ నమస్తే. సైన్స్ ఫిక్షన్ కథ ఒకటి రాస్తున్నా. గురుగ్రహం చుట్టూ తిరిగే గనిమీడ్ మీద, ఇంకో 200 ఏళ్లకి, మన చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వెళ్లిన కుటుంబాలు కట్టుకున్న ఊరు. మూడో తరం నడుస్తోంది, అంటే అక్కడే పుట్టి భూమి మీద అడుగు పెట్టని పిల్లలు. మనుషుల సంగతి నేను రాసుకోగలను. వాళ్ల గొడవలు, పెళ్లిళ్లు, నీళ్ల పంచాయితీలు అన్నీ చూసినవే. అనుమానమంతా ఆ చోటు గురించే. పొద్దు పొడవడం, పొద్దుగూకడం అక్కడ ఎలా ఉంటాయి? గురుగ్రహం ఎంత పెద్దగా కనిపిస్తుంది? పిల్లలు స్పేస్ సూట్ వేసుకుని బయట ఆడుకునే సీన్ ఒకటి రాశాను, కుదురుతుందా? లెక్క తప్పితే చదివేవాళ్లకు కథ మీద నమ్మకం పోతుందని టెన్షన్‌గా ఉంది.

గాదంకి మాస్టారు:
తమ్ముడూ, ఆ ఆటల సీన్ తీసేయ్. గురుగ్రహపు అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాలు ఆ చందమామలను ఎడతెరిపి లేకుండా కొడుతుంటాయి. గనిమీడ్ ఉపరితలం మీద రోజుకు సుమారు 80 మిల్లీసీవర్టుల (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే లెక్క) రేడియేషన్. మన దేశంలో రేడియేషన్ దగ్గర పనిచేసే ఉద్యోగికి ఏడాదికి సగటున 20 దాటకూడదు, అంటే నాలుగేళ్ల కోటా ఒక్క రోజులో అయిపోతుంది. మామూలు సూట్ దాన్ని ఆపలేదు.
ఊరిని కాలిస్టోకు మార్చు. అదీ గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామే, కానీ గనిమీడ్ కంటే ఎడంగా, గురుగ్రహానికి దాదాపు 18.8 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, అక్కడ రోజుకు 0.1 మిల్లీసీవర్టే. మంచుకు కొదవ లేదు. 2003లో నాసా వాళ్లు అంత దూరానికి మనుషులను పంపడం ఎలాగని అధ్యయనం చేసినప్పుడు కూడా ఎంచుకున్నది కాలిస్టోనే.

బంగారుపాళెం బుల్లోడు:
మాస్టారూ, మీ లెక్క సరే గానీ గనిమీడ్‌ను అంత తేలిగ్గా వదలొద్దు అనిపిస్తోంది. మన చిత్తూరు నుంచి వేలూరు దాటి వెళితే జవ్వాదు కొండల మీద కవలూరు అబ్జర్వేటరీ ఉంది కదా. 1972లో గనిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు అక్కడి నుంచీ, ఇండోనేషియాలోని జావా నుంచీ చూసి, దాని చుట్టూ పలచటి వాతావరణం ఉందని చెప్పారు. నక్షత్రం వెలుగు టక్కున ఆరిపోకుండా మెల్లగా తగ్గితే మధ్యలో గాలి ఉన్నట్టు లెక్క. 1979లో వాయేజర్ 1 నౌక కొలతల్లో అంత గాలి కనబడలేదు, మళ్లీ 1995లో హబుల్ టెలిస్కోప్ అతి పలచటి ఆక్సిజన్ జాడ పట్టుకుంది. పీల్చడానికి పనికిరాదు. అయినా మన పక్క కొండ మీద నుంచి కనిపెట్టి చూసిన చందమామ మీదే మనోళ్ల ఊరంటే దానికొక అందం ఉంది అన్నా, అది పోగొట్టుకోవద్దు.
ఇంకో సంగతి, గనిమీడ్‌కు సొంత అయస్కాంత క్షేత్రం ఉంది, 1996లో గెలీలియో నౌక కనిపెట్టింది. సౌరకుటుంబంలో ఇంకే చందమామకూ అలాంటిది లేదు. దానివల్ల ధ్రువాల కంటే నడుమ ప్రాంతానికి దెబ్బ తక్కువ. ఊరు అక్కడ, మంచు కింద పెడితే బతకొచ్చు.

కార్వేటినగరం అక్క:
ఏదైనా సరే, ముందు ఆకాశం సంగతి తేల్చుకో నాయనా, ఎందుకంటే ఊళ్లో అలవాట్లన్నీ దాన్నిబట్టే పుడతాయి. ఆ రెండు చందమామలూ ఎప్పుడూ ఒకే ముఖాన్ని గురుగ్రహం వైపు తిప్పి ఉంచుతాయి. కాబట్టి గురుగ్రహం ఉదయించదు, అస్తమించదు, ఉన్నచోటే వేలాడుతుంటుంది. కొన్ని ఊళ్లకు నడినెత్తిన, కొన్నింటికి నేల అంచున, అవతలి సగంలో ఉన్నవాళ్లకు జన్మలో కనబడదు. గురుగ్రహం కనబడే ఊరికి, కనబడని ఊరికి మధ్య సంబంధం కుదుర్చుకోవడంలోనే ఎంత కథ ఉందో చూడు. ఆకాశంలో గురుగ్రహం వెడల్పు గనిమీడ్ నుంచి చూస్తే మనకు కనిపించే చందమామకు 15 రెట్లు, కాలిస్టో నుంచి 8 రెట్లు పైనే.
పగలూ రాత్రీ కలిపి గనిమీడ్ మీద మన లెక్కన వారం, కాలిస్టో మీద 16 రోజుల పైన. ఎండ మనకొచ్చే దాంట్లో 27వ వంతు. పొద్దును చూసి పనులు చేసుకోవడం ఉండదు. కానీ గురుగ్రహం పది గంటల్లోపే ఒక చుట్టు తిరిగేస్తుంది, దాని మీద ఎర్ర మచ్చ, అంటే అక్కడ సుడి తిరిగే పెద్ద తుఫాను, కాలిస్టో నుంచి దాదాపు మన చందమామంత కనిపిస్తుంది. ముసలోళ్లు ఆ మచ్చ ఎక్కడికొచ్చిందో చూసి టైమ్ చెప్తారని రాయి. ఆ మచ్చ ఏళ్లు గడిచే కొద్దీ చిన్నదవుతోంది కూడా, 19వ శతాబ్దం చివర్లో 40 వేల కిలోమీటర్ల వెడల్పు ఉండేది, ఇప్పుడు అందులో సగం కూడా లేదు. "మా అవ్వ చూసిన మచ్చ ఇంత లేదంట" అనే మాట ఎవరో ఒకరి నోట రావాలి.
భూమి అక్కడి నుంచి ఎప్పుడూ సూర్యుడి పక్కనే, చుక్కలా. కాలిస్టోలో పొద్దుగూకాకో, పొద్దు పొడవక ముందో, మన లెక్కన మహా అయితే సగం రోజు కనిపిస్తుంది. ఏడుకొండల వైపు తిరిగి దండం పెట్టుకోవాలంటే వాళ్లకు దొరికే సమయం అదే.
ఇంట్లో సంగతి కూడా చెప్తా. కాలిస్టోలో మన బరువు ఎనిమిదో వంతు. సంగటి గెలకాలంటే తెడ్డు మీద బలం పెట్టాలి కదా, అక్కడ ఆ బలానికి సంగటి కదలదు, మనిషే పైకి లేస్తాడు. పొయ్యి దగ్గర కాళ్లు ఇరికించుకోవడానికి నేలకు పట్టీలు పెట్టు.

పుత్తూరు కథలోడు:
అక్కా, ఎర్ర మచ్చ, పట్టీలు రెండూ కథలోకి వచ్చేశాయి. ఊరిని కాలిస్టోకు మారుస్తున్నా, గురుగ్రహం కనబడే వైపు. గనిమీడ్‌ను కూడా వదలను, అక్కడ మంచు కింద షిఫ్టుల్లో పనిచేసి వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్ల రేడియేషన్ కోటా లెక్క మీదే ఇంట్లో గొడవ మొదలవుతుంది. బుల్లోడు చెప్పిన కవలూరు సంగతి బళ్లో పాఠంగా పెడతా. ఇంకొక్కటి చెప్పండి, అక్కడి నుంచి తిరుపతిలో ఉన్న బంధువులతో ఫోన్ మాట్లాడొచ్చా?

గాదంకి మాస్టారు:
కుదరదు తమ్ముడూ. మాట ఒకవైపు చేరడానికే 33 నుంచి 53 నిమిషాలు పడుతుంది, గ్రహాల మధ్య దూరం మారేదాన్నిబట్టి. వాయిస్ మెసేజ్‌లే రాయి. ఇక మనిషి సంగతంటావా, నాసా వాళ్ల జూనో నౌక 2011లో బయలుదేరి 2016లో గురుగ్రహం చేరింది. నీ ఓడల వేగం ఎంతో ముందే ఖాయం చేసుకో, పెళ్లికి ఇక్కడి నుంచి మేనమామ వెళ్లగలడా లేదా అన్నది దాంతోనే తేలుతుంది.