సింగిల్ ఫోటాన్‌తో విజిబిలిటీ పడిపోతోంది, కారణం ఎలా పట్టుకోవాలి?

అందరికీ నమస్తే. మాక్-జెండర్ సెటప్‌లో (కాంతిని రెండు దారులుగా విడగొట్టి మళ్ళీ కలిపే ఇంటర్‌ఫెరోమీటర్) 633 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్ పెడితే ఫ్రింజ్‌లు (వెలుగు-చీకటి చారలు) బ్రహ్మాండంగా వస్తున్నాయి, విజిబిలిటీ (ఆ చారలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చెప్పే కొలత) 97 శాతం. అదే దాంట్లోకి బీబీఓ క్రిస్టల్ (ఫోటాన్ జంటల్ని పుట్టించే స్ఫటికం) నుంచి 810 నానోమీటర్ల సింగిల్ ఫోటాన్లు పంపిస్తే 70 శాతం దాటట్లేదు, డార్క్ కౌంట్స్ (కాంతి లేకపోయినా డిటెక్టర్ చూపే లెక్కలు) తీసేశాక కూడా.

ఫిల్టర్ 10 నానోమీటర్లది, అంటే కోహెరెన్స్ లెంగ్త్ (దారుల తేడా ఎంతలోపు ఉంటే ఫ్రింజ్‌లు వస్తాయో ఆ పొడవు) 65 మైక్రాన్లే కదా, అందుకని మైక్రోమీటర్ స్క్రూ తిప్పి తిప్పి రెండు ఆర్మ్‌ల (దారుల) పొడవు తేడా సున్నా దగ్గరికి తెచ్చా. ఒక్కో పాయింట్‌కి 10 సెకన్లు కౌంట్ చేస్తున్నా, ఆలోపు ఫేజ్ జరిగిపోతోందేమో అని 1 సెకనుకి తగ్గిస్తే 78 అయింది, సో కొంత డ్రిఫ్టే (బీమ్ దగ్గర చెయ్యి పెడితే చాలు కౌంట్ ఊగిపోతోంది).

మరి మిగతాది ఎక్కడ పోతోంది? బీమ్ స్ప్లిటర్ కోటింగ్ 633కి చేసింది, 810 దగ్గర ఒక ఆర్మ్‌లో పోలరైజేషన్ తిరిగి ఫోటాన్ ఏ దారిన వచ్చిందో బయటపడిపోతోందని నా డౌట్. డిటెక్టర్ ముందు 45 డిగ్రీల పోలరైజర్ పెడితే విజిబిలిటీ తిరిగొస్తే దొంగ అదే అనుకోవచ్చా? లేక రెండు బీమ్‌లు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడకపోయినా ఇలాగే ఉంటుందా, ఆ రెండిటినీ విడదీసే టెస్ట్ ఏదైనా ఉంటే చెప్పండి ప్లీజ్.