‘తిరిగి కుందేటి కొమ్ము’: ఈ ‘తిరిగి’కి అర్థం ఏమిటి?

మెయిన్ తెలుగు బడి: ఏనుగు లక్ష్మణకవి పద్యం ఇది: ‘తివిరి ఇసుమున తైలంబు తీయవచ్చు, తవిలి మృగతృష్ణలో నీరు త్రావవచ్చు, తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు, చేరి మూర్ఖుల మనసు రంజింపరాదు.’ ఇందులోని మూడో పాదం నన్ను వదలడం లేదు. మా ఊరి పిల్లల కోసం మూస్ (జింకల కుటుంబంలో అతి పెద్ద జంతువు) గురించి పాఠం రాస్తున్నాను. మగ మూస్ కొమ్ములు ఏటా చలికాలంలో రాలిపోతాయి, వసంతం నుంచి తిరిగి మొలుస్తాయి. కవి ‘తిరిగి’ అన్నదీ ‘మళ్ళీ’ అనేనా?

పాతపుస్తకం: కాదండీ. ఈ పద్యానికి మూలమైన భర్తృహరి సంస్కృత శ్లోకంలో ‘పర్యటన్’ అని ఉంది. దేశాలు తిరిగి, వెతికి అని భావం. తివిరి, తవిలి, తిరిగి, చేరి... నాలుగు పాదాల మొదట్లోనూ క్త్వార్థకాలే (‘చేసి’, ‘వెళ్ళి’ లాంటి మాటలు). ‘మళ్ళీ’ ఇముడుతుందా?

అక్షర: వరుస ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ పర్యటనే చెప్పదలచుకుంటే ‘తిరుగుచు’ అనవచ్చు కదా? రెండో అర్థం కూడా వినిపించాలనే ‘తిరిగి’ వేశారని నా నమ్మకం.

పాతపుస్తకం: ఈ పద్యం తేటగీతి. అందులో పాదం సూర్యగణంతో (మూడు లఘువులు, లేదా గురువు తర్వాత లఘువు) మొదలవ్వాలి. ‘తిరిగి’ నగణం, అంటే మూడు లఘువులు, సరిపోయింది. ‘తిరుగుచు’ నాలుగు లఘువులు, అక్కడ పట్టదు. గణం కోసం వేసిన మాటకు శ్లేష అంటగట్టకండి.

నల్లమల: నా అభ్యంతరం ‘కొమ్ము’ మీద. ఒకే మాటతో రెండు వేర్వేరు వస్తువులను పిలుస్తున్నాం. మూస్, చుక్కల దుప్పి, కణుజు (సాంబార్) ఒకే కుటుంబం. వాటి కొమ్ము ఉత్త ఎముక. మెత్తని నూగు చర్మం కింద పెరుగుతుంది, గట్టిపడ్డాక ఆ చర్మం ఊడుతుంది, చివరికి కొమ్మే రాలుతుంది. కృష్ణజింకది ఆవు, మేకల కుటుంబం. ఎముక మీద గట్టి తొడుగు ఉంటుంది, బతికినంత కాలం ఊడదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు ఈ కృష్ణజింక, తెలంగాణది చుక్కల జింక, అంటే చుక్కల దుప్పే. రెండింటినీ జింకే అంటాం, కానీ మూస్‌కు దాయాది రెండోది మాత్రమే.

అక్షర: సంస్కృతం మాత్రం విడదీసిందా? శృంగం, విషాణం రెండూ అన్నింటికీ వాడారు. భర్తృహరి కుందేలుకు విషాణమే పెట్టాడు.

మెయిన్ తెలుగు బడి: అయితే పాఠంలో ‘పెద్ద దుప్పి’ అని రాయనా?

నల్లమల: వద్దండీ. దుప్పి అంటే పిల్లలు చుక్కలు గీస్తారు. మూస్ దూడకు కూడా చుక్కలుండవు. దుప్పులు మందగా తిరుగుతాయి, మూస్ ఎక్కువగా ఒంటరిది. భుజం దగ్గరే సుమారు 2 మీటర్ల ఎత్తు, అలాస్కా మగవి 600 కిలోలు దాటుతాయి. గొంతు కింద తోలు తిత్తి వేలాడుతుంది. కొమ్ములు అరచేయిలా పరుచుకుంటాయి. చెరువులో తల ముంచి నీటిమొక్కలు మేస్తుంది. ‘మూస్’ అనే ఉంచండి.

కొసరు: ‘కణుజు’ అంటే నష్టమేమిటి? పాత ఇంగ్లీషు రాతల్లో కణుజుకు ‘ఎల్క్’ అని ఉంటుంది. మూస్ కూడా ఎల్కే కదా.

నల్లమల: అక్కడే చిక్కు. యూరప్‌లో ఎల్క్ అంటే మూస్. అమెరికాలో ఎల్క్ అంటే వాపిటి అనే వేరే జాతి. సింహళంలో బ్రిటిష్ వేటగాళ్ళు కణుజునే ఎల్క్ అన్నారు. ఆ పేరును నమ్మి తెలుగు చేస్తే మూడు జంతువులు ఒకటైపోతాయి.

అక్షర: ‘తిరిగి’ విషయంలో నేను ఇంకా ఒప్పుకోలేదు. గణం కుదిరినంత మాత్రాన ధ్వని లేకుండా పోదు.

పాతపుస్తకం: ధ్వని వెతకాలంటే రెండో పాదంలో వెతకండి. మూలంలో ‘పిపాసార్దితః’, దాహంతో అలమటించేవాడు, అని ఉంది. ‘తవిలి మృగతృష్ణలో’ (ఎండమావిలో) అన్నప్పుడు ఆ దాహం ఏమైంది? ‘తవిలి’కి ‘పూని’ అని చెప్పి సరిపెడుతున్నారు. నాకు తృప్తిగా లేదు. ఎవరైనా చెప్పండి.