కార్యాలయంలో కుండీలు ఎవరి ఇష్టప్రకారం ఉండాలి?

మూడో అంతస్తు:
బెంగళూరులో బెళ్లందూరు దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న మా కార్యాలయంలో గత నెల ఒక సర్వే పంపారు. అందులో ఉన్నది ఒకే ప్రశ్న: పనిచేసే చోట మొక్కలు ఉండాలని కోరుకుంటున్నారా? నాకు తెలిసినవారంతా అవునన్నారు. కాదనడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆ జవాబులనే ఆధారంగా చూపి ఈ వారం అడ్మిన్ విభాగం ఒక ఉత్తర్వు పంపింది. ఉద్యోగులు తమ బల్లల మీద పెంచుకుంటున్న సొంత మొక్కలను పదిహేను రోజుల్లో ఇళ్లకు తీసుకుపోవాలి. వాటికి బదులు ఒక నర్సరీ నుంచి అద్దెకు తెచ్చిన అరెకా పామ్‌లు, స్నేక్ ప్లాంట్లు నడవాలోనూ లిఫ్టుల దగ్గరా వరుసగా పెడతారు. నా బల్ల మీది మనీ ప్లాంటును తీయించి, నడవాలోని కుండీని చూపించి, మీరు కోరినది ఇదే కదా అంటే నేను ఒప్పుకోలేకపోతున్నాను. అడ్మిన్ చేసినది సబబేనా?

కుండీమట్టి:
సబబే. నేను ఆరేళ్లు ఫెసిలిటీస్ పని, అంటే కార్యాలయ భవనాల నిర్వహణ, చూశాను కనుక అవతలి పక్షం చెబుతాను. సొంత మొక్క తెచ్చినవారు మొదటి నెల ముద్దుగా నీళ్లు పోస్తారు. ఆ తరువాత వేరే ఉద్యోగానికి వెళ్లిపోతూ కుండీని మాకు వదిలిపెడతారు. కుండీ కింది పళ్ళెంలో నిలిచిన నీళ్లను పారబోసేవారు ఉండరు. డెంగీని మోసే ఏడిస్ దోమకు అలాంటి శుభ్రమైన నిలవనీరే కావలసినది, వారం పది రోజుల్లో గుడ్డు దోమై ఎగురుతుంది, పైగా అది పగటిపూట కుట్టే దోమ, అంటే సరిగ్గా మనం కార్యాలయంలో ఉండే వేళ. నీళ్లు కారి ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి దిగిన సందర్భాలు నేనే రెండు చూశాను. నర్సరీతో ఒప్పందం ఉంటే వాళ్ల మనిషి వారానికి రెండుసార్లు వస్తాడు, వాడిపోయిన మొక్కను తీసుకుపోయి షేడ్ నెట్ కింద కోలుకోనిచ్చి, దాని చోట మరొకటి పెడతాడు. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు జలమండలి తాగునీటిని తోటలకు పోయరాదని, పోస్తే 5,000 రూపాయల జరిమానా అని ఆదేశించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో మా కుండీలకు ఏసీ యంత్రాల నుంచి కారే నీటిని బకెట్లలో పట్టి పోయించాము. అంతమంది ఉద్యోగులు ఎవరికి వారు వాటర్ డిస్పెన్సర్ నుంచి సీసాలు నింపుకుంటుంటే ఆ ఆదేశాన్ని ఎలా అమలు చేయగలము?

సర్జాపుర:
ఎవరు పెట్టినా మొక్క మొక్కే. గాలి శుభ్రపడుతుందని నాసా ఎప్పుడో తేల్చింది కదా.

మాస్టారి అమ్మాయి:
తేల్చలేదండీ. 1989లో నాసా తరఫున వుల్వర్టన్ బృందం చేసిన ప్రయోగం గాలి చొరబడని చిన్న గదుల్లో జరిగింది. బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి వాయువులు వాటిలో తగ్గిన మాట నిజమే. మన కార్యాలయాలు అలా మూసిన పెట్టెలు కావు, ఏసీ వ్యవస్థ బయటి గాలిని తెస్తూనే ఉంటుంది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో పాత ప్రయోగాలన్నిటినీ తిరిగి లెక్కగట్టి, ఆ గాలిమార్పిడి చేసేపాటి పనిని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు అవసరమని చెప్పారు. తక్కువలో తక్కువ అంకెనే తీసుకుందాం. ఒక ఉద్యోగికి వంద చదరపు అడుగులు అనుకుంటే అది సుమారు 9.3 చదరపు మీటర్లు, అంటే మనిషికి 93 కుండీలు. కూర్చోవడానికి చోటు మిగలదు! గాలి శుభ్రత పేరుతో కుండీలను అద్దెకివ్వడం చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే.

అయితే మొక్కలు దండగ అని నా వాదన కాదు. ఇంగ్లండ్, నెదర్లాండ్స్ కార్యాలయాల్లో జరిపి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, బోసిగా ఉన్న చోట మొక్కలు పెట్టాక పనితీరు 15 శాతం మెరుగుపడింది. మూడో అంతస్తు గారి ప్రశ్నకు మరింత దగ్గరగా వచ్చేది నైట్, హాస్లమ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుల 2010 నాటి పరిశోధన. మొక్కలు, బొమ్మలు నిర్వాహకులే అమర్చిన గదిలో పని బోసి గదిలోకన్నా 17 శాతం పెరిగింది. వాటినే పనిచేసేవారు తమ ఇష్టప్రకారం అమర్చుకున్నప్పుడు 32 శాతం దాకా పెరిగింది. మూడో రకం ప్రయోగం ఇంకా ఉంది. వాళ్లు అమర్చుకున్న తరువాత నిర్వాహకులు వచ్చి కళ్లముందే అన్నీ మార్చేశారు. పెరిగినదంతా పోయింది. మీ అడ్మిన్ ఇప్పుడు చేస్తున్నది అచ్చంగా ఆ మూడో రకమే.

రెండో షిఫ్టు:
నాకు ఉబ్బసం ఉంది. తడి మట్టి మీద బూజు పడితే ఆ రోజు నాకు ఇన్‌హేలర్ తప్పదు. పక్క సీటువారి ఇష్టానికి హద్దు ఎక్కడో కూడా చెప్పండి.

మదనపల్లె బస్సు:
నిరుడు లాల్‌బాగ్‌లో ఆగస్టు పూల ప్రదర్శనకు వెళ్లి, వచ్చేటప్పుడు సిద్ధాపుర నర్సరీలో ఒక తులసి మొక్కను కొని బల్ల మీద పెట్టుకున్నాను. ఎండ తగలదు, శని ఆదివారాలు దీపాలు కూడా ఉండవు. మూడు వారాల్లో ఆకులన్నీ రాల్చేసింది. ఆ తప్పు నాదే. తరువాత మా అమ్మ పెరట్లోని మనీ ప్లాంటు తీగను గాజు సీసాలో పెట్టి రాత్రి బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చాను. అది ఇప్పుడు పార్టిషన్ దాటి పాకుతున్నది. పనిలో తల ఎత్తినప్పుడల్లా నేను చూసేది దానిని, లిఫ్టు దగ్గరి పామ్‌ను కాదు. ఆ పామ్‌ను నిన్న మార్చి మరొకటి పెట్టినా నాకు తెలియదు. రెండో షిఫ్టు గారూ, నీళ్లలో పెరిగే తీగకు మట్టి ఉండదు కాబట్టి మీకు ఇబ్బంది ఉండదనుకుంటాను.

కుండీమట్టి:
మట్టి లేకపోతే బూజు బాధ తగ్గుతుంది, ఒప్పుకుంటాను. అయితే ఆ సీసా నీళ్లు వారానికోసారైనా మార్చకపోతే దోమల సంగతి మళ్లీ మొదటికే వస్తుంది. మాస్టారి అమ్మాయి గారు చెప్పిన మూడో రకం ప్రయోగం నాకు ఇంతవరకు తెలియదు. తెలిసి ఉంటే నా హయాంలో రెండు ఉత్తర్వులు మరో విధంగా రాసేదానిని. మూడో అంతస్తు గారు ఇలా అడిగి చూడవచ్చు: బల్లకు ఒకే మొక్క, ఆరు అంగుళాలు మించని కుండీ, దాని మీద యజమాని పేరు, కింద పళ్ళెం ఉండకూడదు, పక్క సీటువారి అంగీకారం తప్పనిసరి. డిఫెన్‌బాకియా అనే అలంకరణ మొక్కను మాత్రం ఎవరూ తేకూడదు. దాని ఆకుల్లోని ఆక్సలేటు స్ఫటికాలు నోట్లో పడితే నాలుక వాచిపోతుంది, మీ భవనంలో పిల్లల క్రెష్ కూడా ఉండవచ్చు. నడవాల కుండీలను నర్సరీకే వదిలేయండి.

మూడో అంతస్తు:
ఇదే రాసి పంపుతాను. అయితే మా అంతస్తులో మూడో వంతు సీట్లు హాట్ డెస్కులు, వాటిలో కూర్చునేవారికి సొంత బల్లే లేదు. కిటికీల పక్కన మొక్కలు పెట్టుకోవడానికి ఒక అరను వారికి కేటాయించమని అడగాలని ఉంది. సెలవు పెట్టినప్పుడు ఆ అరలోని మొక్కలకు నీళ్లు ఎవరు పోస్తారని అడ్మిన్ తప్పకుండా అడుగుతుంది.

మదనపల్లె బస్సు:
పక్క సీటువారు పోస్తారని రాయండి. సంక్రాంతికి నేను ఊరెళ్లినప్పుడు మా తమిళ సహోద్యోగే పోశారు, తాను పొంగలుకు వెళ్లే ముందు మరొకరికి అప్పగించి మరీ వెళ్లారు.