పెద్దయ్యాక వచ్చే ఊబకాయానికి పునాది తల్లి గర్భంలోనే పడుతుందా?

బ్రాడీపేట మాస్టారు:
నలభై ఏళ్లకు పొట్ట పెరిగిన మనిషిని చూడగానే నోరు కట్టుకోలేడని తీర్పు చెప్పేస్తాం. జీవశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఆ తీర్పు అన్యాయంగా తోస్తుంది. 1944–45 చలికాలంలో జర్మన్ల దిగ్బంధం వల్ల నెదర్లాండ్స్‌లో కరవు వచ్చింది. అప్పుడు గర్భంలో ఉన్న మగపిల్లలు 19 ఏళ్లకు సైనిక పరీక్షలకు వచ్చినప్పటి వివరాలతో 1976లో ఒక పరిశీలన వెలువడింది. గర్భం తొలి సగంలో తల్లి పస్తులున్నవారిలో ఊబకాయం ఎక్కువగా, చివరి నెలల్లోనూ పుట్టిన కొత్తలోనూ కరవు చూసినవారిలో తక్కువగా కనిపించింది. కరవు ఒకటే అయినా, అది తాకిన నెలను బట్టి ఫలితం తారుమారైంది.

పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993లో మొదలుపెట్టిన పరిశీలన మనకు మరింత దగ్గరిది. అక్కడి శిశువుల సగటు బరువు సుమారు 2.7 కిలోలు. ఇంగ్లండు శిశువులతో పోలిస్తే వారిలో కండ బాగా తక్కువగా ఉంది గాని, చర్మం కింది కొవ్వు అంతగా తగ్గలేదు. బక్కగా పుట్టి, ఉన్న కాస్త ఒంట్లోనూ కొవ్వు వాటా ఎక్కువైన ఆ బిడ్డ చేసిన తప్పేమిటో చెప్పండి.

పటమట పాదచారి:
మాస్టారూ, నమస్కారం. 2.7 కిలోల బిడ్డను పట్టుకుని కొవ్వు అనడం నాకు మింగుడుపడలేదు. మా ఇళ్లలో అందరూ ఆ బరువుతోనే పుట్టారు. కొందరు సన్నగా ఉన్నారు, కొందరు లావయ్యారు. నేను తెల్లవారుజామున కాలువ గట్టున నడిచి, రాత్రి అన్నం మాని, సాయంత్రం పునుగుల బండి దగ్గర ఆగడం మాని బరువు తగ్గాను. ఇంకొక మాట. పాత పరిశీలనలన్నింటినీ కలిపి 2016లో లెక్కగడితే, ఊబకాయం ఉన్న పెద్దల్లో దాదాపు 70 శాతం మందికి చిన్నతనంలో ఊబకాయమే లేదని తేలింది. దానికి మీ సమాధానం ఏమిటి?

కృష్ణలంక:
డెన్మార్కులో దత్తత వెళ్లిన 540 మందిని పెద్దయ్యాక పరిశీలిస్తే వారి ఒళ్లు కన్నవారిని పోలిందే గాని పెంచినవారిని పోలలేదని 1986లోనే తేలింది. ఇదంతా వంశపారంపర్యం.

బ్రాడీపేట మాస్టారు:
ఆ 70 శాతం లెక్క నిజమే. అదే పరిశీలన ఊబకాయం ఉన్న పిల్లలు పెద్దయ్యాక అలాగే ఉండే అవకాశం మిగతావారికన్నా సుమారు అయిదు రెట్లని కూడా చెప్పింది. పైగా చిన్నప్పుడు లావుగా కనిపించకపోవడం ఒక్కటే హామీ కాదు. ఢిల్లీలో పుట్టిననాటి నుంచి గమనిస్తూ వచ్చినవారిపై 2004లో వెలువడిన ఫలితాలు చూడండి. ముప్పై ఏళ్లకే మధుమేహం గాని, దాని ముందు దశ గాని వచ్చినవారు రెండేళ్ల వయసులో సన్నగా ఉండి, ఆ తర్వాత త్వరత్వరగా ఒళ్లు చేసినవారే. పన్నెండేళ్లకు వారిలో ఎవరూ ఊబకాయుల లెక్కలోకి రాలేదు. ఇక వంశపారంపర్యం అన్నవారికి ఒక మాట. అమెరికాలోని పిమా తెగలో ఒకే తల్లి బిడ్డలను పోల్చినప్పుడు, ఆమెకు మధుమేహం వచ్చాక పుట్టినవారే అంతకుముందు పుట్టినవారికన్నా లావుగా ఉన్నారు.

పటమట పాదచారి:
2.7 కిలోల సంగతికి మీరు ఇంకా సమాధానం చెప్పలేదు. తూకంలో తక్కువ వచ్చిన బిడ్డకు కొవ్వు ఎక్కువ ఎలా అవుతుంది?

ఆరండల్‌పేట గృహిణి:
ఇంతసేపు చదివి ఊరుకున్నాను, ఇక ఊరుకోలేను. నేను కడుపుతో ఉన్నప్పుడు ఇద్దరికి సరిపడా తినమన్నారు. పాప పుట్టాక నా పాలు చాలవని డబ్బా పాలు పట్టించారు. రెండేళ్లకు పాప సన్నగా ఉంటే, తల్లికి తిండి పెట్టడం చేతకాదన్నారు. పప్పన్నంలో నెయ్యి కలిపి, అది నోరు తిప్పేసుకున్నా బుగ్గలు నొక్కి మరీ ఆఖరి నాలుగు ముద్దలూ పెట్టేదాన్ని. కంచం ఖాళీ అయితే గాని మా అత్తగారు అక్కడి నుంచి కదిలేవారు కాదు. ఇప్పుడు పెళ్లిచూపులకు వచ్చినవారు అమ్మాయి లావంటే, అదే చుట్టాలు నా వంక చూసి చిన్నప్పుడు కుక్కి కుక్కి పెట్టావంటున్నారు. మాస్టారు గారు చెప్పే గర్భం నాదే, పాలు నావే, ముద్దలు నావే. అంటే నేరమంతా నాదేనా?

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, డబ్బా పాల నింద మీరు మోయనక్కరలేదు. బెలారుస్‌లో 1996–97లో పుట్టిన 17,000 మందికి పైగా శిశువులపై పరీక్ష జరిగింది. తల్లిపాలను ప్రోత్సహించిన ఆసుపత్రుల పిల్లలు పదకొండేళ్లు దాటాక కూడా మిగతావారికన్నా సన్నగా లేరు. తల్లిపాల మేలు వేరే ఉంది, ఊబకాయాన్ని అడ్డుకోవడం మాత్రం అందులో రుజువు కాలేదు. నేను కారణం గురించి మాట్లాడుతుంటే మీరు నేరం గురించి మాట్లాడుతున్నారు.

ఆరండల్‌పేట గృహిణి:
మీరు కారణమని రాస్తారు. మా ఇళ్లలో దాన్ని నేరంగానే చదువుతారు.

పటమట పాదచారి:
కారణం, నేరం అని మాటలు మార్చుకుంటూ పోతే చివరికి ఎవరికీ బాధ్యత ఉండదు. లావుగా ఉన్న ప్రతివాడూ నా పుట్టుకే అంత అని కూర్చుంటాడు.

బ్రాడీపేట మాస్టారు:
తెల్లవారుజామున గంటసేపు నడిచే తీరిక అందరికీ ఉందనుకోవడం మీ అహంకారం.

పటమట పాదచారి:
అహంకారమా? చదువుకునే రోజుల్లో వసతి గృహంలో తెల్లవారింది మొదలు రాత్రి వరకు బల్ల ముందే కూర్చోబెట్టారు. ఆడుకోవడానికి అక్కడ జానెడు జాగా లేదు. ఇంటికి వస్తే మా నాన్నగారు వచ్చినవారందరి ముందూ వీడు పుట్టుకతోనే ఇంత, వీడు మారడు అనేవారు. ఆ మాట నమ్మి ఉంటే నేను గుమ్మం దాటేవాడిని కాదు. పుట్టుక మాట ఎవరెత్తినా నాకు ఆయన గొంతే వినిపిస్తుంది. పరిశోధనలు చూపించి మీరు అదే అంటున్నారు.

బెంజి సర్కిల్ వైద్యురాలు:
ముగ్గురూ ఒక్క క్షణం ఆగండి. ముందే పడిన ప్రభావం విధిరాత కాదు. గర్భిణికి తొలి పరీక్షలోనూ, మళ్లీ 24–28 వారాల మధ్యా 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలకు మధుమేహం కోసం రక్తంలో చక్కెర చూడాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండోసారి రానివారు చాలామంది.

బ్రాడీపేట మాస్టారు:
ఎందుకు రారో నేను చెబుతాను. మా ఊరి శీతల గిడ్డంగుల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లలో కడుపుతో ఉన్నవారూ ఉంటారు. ఘాటుకు ముక్కుకు చెంగు కట్టుకుని పొద్దుగూకేదాకా గోనెపట్టా మీద కూర్చుంటారు; ఒక పూట ఆసుపత్రికి వెళితే ఆ పూట కూలి పోతుంది. హైదరాబాదు దగ్గరి పల్లెల్లో 1987–90 మధ్య గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చారు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చేసరికి కొవ్వులో తేడా లేదు గాని, ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల స్థితి మెరుగ్గా ఉన్నాయి. పాదచారి గారూ, నేను అడిగేది ఆ పూట కూలి, ఆ ఆహారం. మిమ్మల్ని మారలేనివాడని నేను అనలేదు.

ఆరండల్‌పేట గృహిణి:
ఈ మాట మొదటి రాతలోనే ఉండవలసింది, మాస్టారు గారూ. అక్కడ తల్లి గర్భం ఉంది గాని తల్లి కూలి లేదు.

పటమట పాదచారి:
కూలి ఇప్పించమంటే నేనూ అడుగుతాను. దానితోపాటు వసతి గృహాలకు ఆటస్థలం కూడా అడగండి. నా ఒళ్లు పెరిగింది అక్కడేనన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.