అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అసిస్టెంట్ కోచ్ కావాలంటున్న మా అబ్బాయి: తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న

నమస్కారం. అమెరికాలోనే పుట్టి పెరిగిన మా అబ్బాయి అక్కడి ఒక విశ్వవిద్యాలయంలో చివరి సంవత్సరం చదువుతున్నాడు. మూడేళ్లుగా పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు స్టూడెంట్ మేనేజర్‌గా ఉంటూ బంతులు అందించడం, కోర్టు మీద పడ్డ చెమట తుడవడం, ప్రాక్టీసును వీడియో తీయడం వంటి పనులు చేస్తున్నాడు. ఇప్పుడు చేతికొచ్చిన డేటా అనలిస్టు ఉద్యోగం వద్దని, ఏదో ఒక జట్టులో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా (పీజీ చదువుతూ కోచ్‌లకు సాయపడే పని) చేరి క్రమంగా అసిస్టెంట్ కోచ్ అవుతానని అంటున్నాడు. వాడు కాలేజీ జట్టులో ఆడినవాడు కాదు. అసిస్టెంట్ కోచ్ రోజంతా ఏం చేస్తాడో, ఈ దారిలో నిలదొక్కుకోవడం ఎలాగో తెలిసినవారు చెప్పగలరా? వాడిని అడ్డుకునే ఉద్దేశం నాకు లేదు కానీ, ఏం అడగాలో కూడా తెలియకుండా తలూపడం ఇష్టం లేదు.

జవాబు 1

నేను ఒక డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో అగ్రశ్రేణి) జట్టు వీడియో గదిలో రెండు సీజన్లు పనిచేసి బయటకు వచ్చినవాణ్ణి కనుక, చూసినంత వరకు చెబుతాను. సీజన్‌లో ముప్పై దాకా మ్యాచ్‌లు ఉంటాయి. ప్రత్యర్థులను అసిస్టెంట్లు తలా కొందరిని పంచుకుంటారు. ఎవరి వంతుకు వచ్చిన జట్టును వారే కూలంకషంగా చదవాలి. దీన్ని అక్కడ స్కౌట్ అంటారు. ఆ జట్టు ఆడిన అయిదారు పాత మ్యాచ్‌లు చూసి, వాళ్ల పాయింట్ గార్డ్ (బంతి నడిపించే ఆటగాడు) ఏ వైపు దూసుకెళ్తాడో, ఏ సైగకు ఏ ఎత్తుగడ వేస్తారో గుర్తించి, ముక్కలు కత్తిరించి, ఆటగాళ్లకు చూపించాలి. మా అసిస్టెంట్ ఒకాయన నలభై నిమిషాల వీడియో తయారుచేసుకుని, దాన్ని పన్నెండు నిమిషాలకు కుదించడానికి అంతకు రెట్టింపు సమయం తీసుకునేవాడు, ఎందుకంటే ఇరవై ఏళ్ల కుర్రాడికి మ్యాచ్ మధ్యలో గుర్తుండేది రెండు మూడు విషయాలే.

ఒక రాత్రి ఆయన ఒకే దృశ్యాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పించాడో లెక్కలేదు. ప్రత్యర్థి కోచ్ చెవి పట్టుకున్నప్పుడల్లా బంతి కార్నర్‌లోని షూటర్‌కు చేరుతోందని చివరికి తేలింది. మర్నాడు మ్యాచ్‌లో ఆ కోచ్ చేయి చెవి దగ్గరకు వెళ్లగానే ఈయన బెంచీ మీద నుంచి లేచి ఆ ఎత్తుగడ పేరు అరిచాడు; బంతి వచ్చేసరికి మావాడు అక్కడ నిలబడి ఉన్నాడు. టీవీలో చూసినవారికి అది మామూలు డిఫెన్స్.

సీజన్‌లో కోచ్‌ల ఆధ్వర్యంలో నడిచే ప్రాక్టీసు వారానికి 20 గంటలు మించకూడదన్న నిబంధన ఉంది కానీ, అది ఆటగాళ్లకే, అసిస్టెంట్లకు కాదు. మిగిలిన సమయమంతా ఫోను తింటుంది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చి, 2021 నుంచి ఒక ఏడాది ఖాళీగా కూర్చోకుండానే జట్టు మారే వీలు కలిగాక, బయటి కుర్రాళ్లను తెచ్చుకోవడంతో పాటు సొంత ఆటగాళ్లను సైతం ప్రతి వసంతంలో మళ్లీ ఒప్పించుకోవలసి వస్తోంది. నాకు విసుగు పుట్టింది అక్కడే.

జవాబు 2

పై మిత్రులు పని గురించి చెప్పారు, నేను జీతం గురించి చెబుతాను. తర్వాత పేరున్న కాలేజీ కోచ్ అయిన రాయ్ విలియమ్స్ 1978లో హైస్కూల్ కోచ్ ఉద్యోగం వదులుకుని నార్త్ కరోలినాలో పార్ట్‌టైమ్ అసిస్టెంట్‌గా చేరినప్పుడు ఆయనకు దక్కింది ఏడాదికి 2,700 డాలర్లు. ఇల్లు గడవడానికి వేసవుల్లో జట్టు క్యాలెండర్లు అమ్మారు. ఆయన కాన్సాస్ హెడ్ కోచ్ అయింది 1988లో. ఇటువంటి కథలు ముచ్చటగానే ఉంటాయి కానీ, పదేళ్లు ఓపిక పట్టి కూడా ఏమీ కానివారి కథలు మనకు వినపడవు. 1990ల్లో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒక తరగతి అసిస్టెంట్ల జీతాన్ని ఏడాదికి 16,000 డాలర్లకు మించకుండా కట్టడి చేసింది. ఆ కోచ్‌లు కోర్టుకెక్కితే అది పోటీ చట్టాలకు విరుద్ధమని తేలింది, చివరకు 1999లో 5 కోట్ల 45 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. నేడు పెద్ద జట్లలో అసిస్టెంట్లకు లక్షల డాలర్లు ఇస్తున్నారు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌కు మాత్రం చదువు ఖర్చు, కొద్దిపాటి భత్యం దక్కితే అదృష్టమే.

జీతం కన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, అసిస్టెంట్ తలరాత హెడ్ కోచ్ చేతిలో ఉంటుంది. ఆయనను మార్చిలో తీసేస్తే కొత్తాయన తన మనుషులతో వస్తాడు. మీ అబ్బాయి ఎంత బాగా పనిచేసినా పెట్టె సర్దుకోవాల్సిందే. ఒక సానుకూలత కూడా ఉంది: 2023 జూలై వరకు పురుషుల జట్టుకు ముగ్గురు అసిస్టెంట్లే ఉండేవారు, ఆ తర్వాత మరో ఇద్దరికి కోచింగ్ చేసే వీలు కల్పించారు, కనుక కొత్తవారికి తలుపు కొంచెం తెరుచుకుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆడని వాడిని ఆటగాళ్లు లెక్కచేస్తారా అన్న సందేహం మిగిలే ఉంది.

జవాబు 3

చేస్తారండీ, పనికొచ్చే మాట చెప్పినంత కాలం. లారెన్స్ ఫ్రాంక్ ఇండియానా విశ్వవిద్యాలయంలో మీ అబ్బాయిలాగే స్టూడెంట్ మేనేజర్‌గా ఉండి, కాలేజీల్లో అసిస్టెంట్‌గా చేసి, 2004లో ఏకంగా ఒక ఎన్‌బీఏ జట్టుకు హెడ్ కోచ్ అయ్యారు. మార్క్ ఫ్యూ కూడా కాలేజీ జట్టులో ఆడలేదు. గోంజాగా విశ్వవిద్యాలయంలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా మొదలై, దాదాపు పదేళ్లకు 1999లో అక్కడే హెడ్ కోచ్ అయ్యారు.

అయితే ఇద్దరు మిత్రులూ అసిస్టెంట్ ఉద్యోగాన్ని హెడ్ కోచ్ కుర్చీకి నిచ్చెనగానే చూస్తున్నట్టుంది, దానితో నేను ఏకీభవించను. బిల్ గుత్రిడ్జ్ నార్త్ కరోలినా హెడ్ కోచ్ డీన్ స్మిత్ పక్కన ముప్పై ఏళ్లు అసిస్టెంట్‌గానే ఉన్నారు. 1997లో, అరవై ఏళ్ల వయసులో హెడ్ కోచ్ అయి మూడు సీజన్లలో రెండుసార్లు జట్టును ఫైనల్ ఫోర్‌కు (జాతీయ టోర్నీ సెమీఫైనల్స్‌కు) చేర్చి విరమించుకున్నారు. కనెక్టికట్ మహిళల జట్టులో క్రిస్ డెయిలీ 1985 నుంచి హెడ్ కోచ్ జీనో ఆరియెమ్మా పక్కనే ఉన్నారు. ఆ జట్టు 2025 నాటికి 12 జాతీయ టైటిళ్లు గెలిచింది. ఎవరి దగ్గర పనిచేయాలన్నది వీరికి కుదిరింది కాబట్టే మిగతావన్నీ కుదిరాయి. అందుకే మీ అబ్బాయిని అడగవలసింది ఎన్నేళ్లకు హెడ్ కోచ్ అవుతావని కాదు. చేరబోయే హెడ్ కోచ్ కాంట్రాక్టులో ఇంకా ఎన్నేళ్లు మిగిలాయో, ఆయన దగ్గర లోగడ వీడియో గదిలో పనిచేసినవారు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో కనుక్కోమనండి. ఆ రెండో వివరం జట్ల వెబ్‌సైట్లలో సిబ్బంది పరిచయాలు తిరగేస్తే ఒక సాయంత్రంలో తేలిపోతుంది.