అప్‌డేట్: ధాన్యాలు లేకుండా చిక్కటి సూప్ కుదిరింది

మొన్న అడిగాను కదా, డాక్టర్ మా అమ్మని బియ్యం, గోధుమ, మొక్కజొన్న అన్నీ కొన్నాళ్ళు మానేయమన్నారు, కార్న్‌ఫ్లోర్ లేకుండా చికెన్ సూప్ చిక్కగా ఎలా వస్తుంది అని. థాంక్స్ అండీ అందరికీ, కుదిరింది!

చికెన్ ఎముకలతోనే సన్న సెగ మీద బాగా ఉడకనిచ్చా, వాటిలోని జెలటిన్ దిగి నీళ్ళకే కొంచెం జిగురొచ్చింది, ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టింది కూడా. అసలు చిక్కదనం మాత్రం కాలీఫ్లవర్‌దే. ఉల్లిపాయ, వెల్లుల్లితో పాటు మెత్తగా ఉడికించి మిక్సీ పట్టి కలిపేస్తే అచ్చం క్రీమ్ వేసినట్టే ఉంది, నేను చెప్పేదాకా అమ్మకి తెలీలేదు! ఎవరో ఆరోరూట్ వేయమన్నారు, అది దుంప పిండే కాబట్టి పర్లేదు, చల్లటి నీళ్ళలో కలిపి దించేముందు పోయాలి, ఎక్కువసేపు మరిగితే మళ్ళీ పల్చబడిపోతుంది. నాకైతే ఆ జారుడుతనం నచ్చలేదు, కాలీఫ్లవరే బెస్ట్.

నూడుల్స్ బదులు గిలకొట్టిన గుడ్డుని మరిగే సూప్‌లో సన్నటి ధారగా పోస్తూ గరిటె తిప్పా, పలచటి పొరలు పొరలుగా వచ్చింది, సూపర్ హిట్. సూప్ క్యూబ్స్ వాడేవాళ్ళు మాత్రం వెనకాల లేబుల్ చదవండి, కొన్నిటిలో గోధుమపిండో మొక్కజొన్న స్టార్చో ఉంటుంది.

ఇప్పుడు అమ్మ నంజుకోడానికి బ్రెడ్ లాంటిదేదైనా కావాలంటోంది, ఐడియాలుంటే చెప్పండి ప్లీజ్.