అప్‌డేట్: ముళ్లున్న రోటిఫర్లు, ముళ్లు లేని రోటిఫర్లు

చెరువు నీళ్లలో కనిపించిన బ్రాకియోనస్ అనే రకం రోటిఫర్లలో (రోటిఫర్లంటే మైక్రోస్కోపులో చూడాల్సినంత చిన్న నీటి జీవులు) కొన్నిటికి వెనకవైపు పొడవాటి ముళ్లున్నాయి, కొన్నిటికి లేవు, ఇవి రెండు జాతులా అని అడిగాను కదా. కాదు, ఒకటే జాతి: బ్రాకియోనస్ కాలిసిఫ్లోరస్.

మీలో ఒకరు చెప్పినట్టే చేశాను. వీటిని తినే ఆస్ప్లాంక్నా అనే పెద్ద రోటిఫర్లను విడిగా ఉంచి, ఆ నీళ్లు మాత్రం వడకట్టి ముళ్లు లేనివాటి జాడీలో పోశాను. తల్లులు అలాగే ఉన్నాయి. తర్వాత పుట్టిన పిల్లలకు మాత్రం ముళ్లు! మగ తోడు లేకుండా పుట్టే పిల్లలు కాబట్టి జన్యువులు తల్లివే. వేటజీవి వదిలే రసాయనం తల్లి కడుపులోని గుడ్డు మీద పనిచేస్తుందట. దీన్ని 1952లోనే ద బోషాంప్ అనే శాస్త్రవేత్త గుర్తించారు.

నన్ను బాగా ఆకట్టుకున్నది ముళ్ల పనితీరు. రోటిఫర్ తల లోపలికి లాక్కోగానే ముళ్లు పక్కలకు విచ్చుకుంటాయి, దాంతో ఆస్ప్లాంక్నా దాన్ని మింగలేకపోతుంది.

ఆహారం తగ్గినా, నీళ్లు చల్లబడినా కొంతవరకు ముళ్లు వస్తాయని చదివాను. అందుకే ఇప్పుడు ఆ నీళ్లు పోసిన జాడీకీ, పోయని జాడీకీ పచ్చనాచు సమానంగా వేస్తున్నాను. తర్వాత ఒకదాంట్లో నాచు తగ్గించి చూస్తాను.